నాలుక మీది తెలుగు

షేక్ చిన మౌలానా పేరెత్తితే మనవాళ్లలో కొందరు నిష్ఠూరమాడతారు. తెలుగు బాణీ వదిలి తంజావూరు బాణీ పట్టాడని, అరవ విద్వాంసుడైపోయాడని. హోసూరు, కృష్ణగిరి తెలుగువారికి ఈ మాట కొంచెం గట్టిగానే తగులుతుంది. మనల్ని కూడా అటువాళ్లు ఇలాగే అంటారు కదా! అందుకే ఈ నిష్ఠూరాన్ని ఆయన వాద్యం పక్కన పెట్టి చూడాలనిపించింది.

ఇప్పటి ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టారాయన. గుళ్లో సన్నాయి ముస్లిం ఇళ్లవారి చేతిలో ఉండటం ఆ సీమలో వింత కాదు. తండ్రి దగ్గర, తరువాత చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారు. అంతటితో ఆగితే బతుకు సాగిపోయేదే. రాజరత్నం పిళ్లై నాదస్వరానికి మనసిచ్చి, నాచ్చియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడై కూర్చున్నారు. 1960వ దశకంలో శ్రీరంగం చేరి, 1999లో పోయేదాకా అక్కడే ఉన్నారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి.

తంజావూరు నుంచి ఆయన తెచ్చుకున్నది ఆలాపన. నాదస్వరానికి వేళ్లు ఆడే రంధ్రాలు ఏడే. మిగిలిన స్వరాలన్నీ రంధ్రాన్ని సగం మూసి, పీక మీద ఊపిరి ఒత్తిడి మార్చి పుట్టించాలి. ఆయన తోడి వింటే గాంధారం దగ్గర ఈ శ్రమ ఎక్కడా కనబడదు. తొందర లేదు.

ఆయన పుట్టిన ఏడే అమెరికాలో జె.జె. జాన్సన్ అనే నల్లజాతి ట్రాంబోను విద్వాంసుడు పుట్టాడు. గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరిపి ఊదే ఆ బాకా పెద్ద వేగానికి లొంగదనుకునేవారు. జాజ్‌లో కొత్తగా వచ్చిన బీబాప్ వేగాన్ని అతను దాని మీద ఎంత శుభ్రంగా పలికించాడంటే, అది మీటలున్న వాద్యమేమోనని విన్నవాళ్లు భ్రమపడ్డారు. తమ వాద్యాన్ని కూర్చుని వినేలా చేయడమే ఇద్దరి పనీ. మన హోసూరు కల్యాణ మండపాల్లో మాత్రం రాగం సగంలో ఉండగానే ఎవరో వేలు ఊపుతారు, గట్టిమేళం మోగుతుంది. ఆ సగం రాగం ఏమైందని అడిగే పెళ్లిపెద్దను నేనింకా చూడలేదు.

ఇక తెలుగు సంగతి. నాదస్వరంలో సాహిత్యం వినబడదు, కానీ నాలుక పీకను తాకే చోట అక్షరం పడుతుంది. త్యాగరాజ కృతిని మాట తెలియనివాడు వాయిస్తే పదం నడుమ విరిగినా ఎవరూ పట్టించుకోరు. మౌలానా వాయిస్తే నా చెవికి పదం పదంగానే వినబడుతుంది. ఊపిరి తీసుకునేది కూడా మాట ముగిసిన చోటే. డోలు మీదపడి వేగం పెరిగినప్పుడు మాత్రం ఆ స్పష్టత తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి. అయినా రాగం కావేరిది, ఉచ్చారణ కరవదిది. 2006 చట్టంతో తమిళం మొదటి భాషగా బడికి వెళ్తున్న మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ దాన్ని చదవలేకపోతున్నారు. వాళ్ల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ నాలుక గుర్తొస్తుంది.

ఆయన శిష్యులు, భార్యాభర్తలు కాలీషాబీ, మహబూబ్ సుబానీలకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. వారి స్థిరనివాసం కూడా శ్రీరంగమే. కాలీషాబీ కృతి అందుకున్నప్పుడు నేను చెవి పెట్టేది రాగం మీద కాదు, పదం ఎక్కడ విరుగుతుందోనని.