సంతకం పెట్టనివాళ్లు

శ్రీలంక అంతర్యుద్ధాన్ని ఆపాలని బయటివాళ్లు చేసిన ప్రయత్నాల్లో రెండు పెద్దవి. 1987 జూలై 29న కొలంబోలో భారత ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే చేసుకున్న ఒప్పందం ఒకటి. 2002 ఫిబ్రవరిలో నార్వే కుదిర్చిన కాల్పుల విరమణ రెండోది. భారత్ బలాన్ని నమ్మింది, నార్వే మాటను నమ్మింది అని తేల్చేయడం మామూలే. ఏ కాగితం మీద ఎవరి సంతకం లేదో చూస్తే అసలు సంగతి ఇంకా బాగా తెలుస్తుంది.

1987లో పోరాడుతున్నది తమిళ పులులు (ఎల్‌టీటీఈ), సంతకాలు చేసింది రెండు ప్రభుత్వాలు. పులుల నాయకుడు ప్రభాకరన్‌ను ఢిల్లీ హోటల్లో ఉంచి నచ్చజెప్పారు. ఆయన తలూపింది ఒప్పుకుని కాదు, గత్యంతరం లేక. అక్టోబరుకల్లా శాంతి కోసం వెళ్లిన భారత సైన్యం పులులతోనే యుద్ధానికి దిగింది. 1990 మార్చిలో తిరిగొచ్చేలోగా వెయ్యిమందికి పైగా భారత సైనికులు చనిపోయారు. ఒప్పందంతో పాటు మార్చుకున్న లేఖల్లో భారత్ తన ప్రయోజనాల కోసం పెట్టించిన ట్రింకోమలీ రేవు ప్రస్తావన కూడా ఉంది. పెళ్లి మాటలకెళ్లిన పెద్దమనిషి కట్నంలో వాటా అడిగితే ఆ సంబంధాన్ని ఎవరు నమ్ముతారు?

పోరాడుతున్నవాళ్లను వదిలేసే తప్పు నార్వే దూత ఎరిక్ సోల్హైమ్ చేయలేదు. ప్రధాని రణిల్ విక్రమసింఘే, ప్రభాకరన్ ఇద్దరి చేతా సంతకం పెట్టించారు. 2002 డిసెంబరులో ఓస్లోలో సమాఖ్య పద్ధతిని పరిశీలిద్దామనే దాకా ఇరుపక్షాలూ వచ్చాయి. కానీ సేనాధిపత్యం ఉన్న అధ్యక్షురాలు చంద్రికా కుమారతుంగ ఆ కాగితం మీద లేరు. 2003 నవంబరులో రక్షణ శాఖతో సహా మూడు శాఖల్ని ఆమె లాగేసుకోగానే శాంతి ప్రక్రియ కుంటుపడింది. 1990లో పులులు ఉత్తరాది నుంచి వెళ్లగొట్టిన ముస్లింలకూ చర్చల్లో విడిగా ప్రతినిధి బృందం దక్కలేదు. ఇద్దరినే పక్షాలుగా గుర్తించే పద్ధతిలో మూడోవాడికి చోటెక్కడిది?

అయితే ఏది మేలు? మర్యాదలో నార్వేది పైచేయి. 2002లో ఉత్తరాన జాఫ్నాకు ఎ-9 రోడ్డు తెరుచుకుంది, కొన్నేళ్లపాటు ప్రాణాలు నిలిచాయి. అది చిన్న విషయం కాదు. 2006 ఆగస్టులో రోడ్డు మూతపడింది, 2008 జనవరిలో కాల్పుల విరమణ రద్దయింది. చట్టంలో దాని గుర్తుగా ఒక్క వాక్యం మిగల్లేదు. 1987 నాటి బలవంతపు ఒప్పందం నుంచి పుట్టిన, రాష్ట్ర మండళ్లను ఏర్పరచిన 13వ సవరణ మాత్రం నేటికీ శ్రీలంక రాజ్యాంగంలో ఉంది. అలాగని భారత్‌ను మెచ్చుకోవడానికీ తొందరపడను. ఆ సవరణ ఇచ్చిన పోలీసు, భూమి అధికారాలు రాష్ట్ర మండళ్లకు పూర్తిగా అందనేలేదు. 2013లో ఎన్నికైన ఉత్తర మండలి గడువు 2018లో ముగిశాక ఏళ్ల తరబడి ఎన్నికలే పెట్టలేదు.