చేతులు చూడటానికి

పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ వాయించడంలో వేగం కనిపించదు. ఆయన తరంలో ఆయనకంటే చకచకా వాయించినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆయన బలమంతా ఒక్క స్వరం మీద నిలబడటంలో ఉంది. తీగను ఫ్రెట్ మీద పక్కకు లాగుతారు, స్వరం పైకి లేస్తుంది. చాలామంది అక్కడితో ఆగుతారు. ఆయన అక్కడ కాసేపు ఊపి, ఇంకాస్త లాగి, పై స్వరాన్ని అందుకుని, అప్పుడు నింపాదిగా వదులుతారు. 1979లో వచ్చిన ‘ది వాల్’ ఆల్బమ్‌లో ‘కంఫర్టబ్లీ నంబ్’ చివరి సోలో విన్నవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. వీణ వింటూ పెరిగినవాళ్లకు అసలే అక్కర్లేదు. తీగ లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించడం మనకు కొత్త విద్య కాదు కదా.

మా మేనత్త వీణ వాయించేది. చిట్టిబాబు రికార్డు పెట్టుకుని, ఆయన ఎక్కడ ఎంత లాగారో వెతుక్కుంటూ మధ్యాహ్నాలు గడిపేది. వరంగల్ హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు నేను తెచ్చిన పింక్ ఫ్లాయిడ్ క్యాసెట్ ఒకటి పూర్తిగా విన్నది. పాటల గురించి ఏమీ అనలేదు. “ఈయన ఎడమచెయ్యి మంచిదిరా” అంది, అంతే. రాక్ సంగీతం మీద తర్వాత ఎన్నో వ్యాసాలు చదివాను గానీ, అంత సూటిగా అసలు విషయం పట్టుకున్న మాట ఇంకొకటి దొరకలేదు.

2024లో, 78 ఏళ్ల వయసులో, గిల్మోర్ ‘లక్ అండ్ స్ట్రేంజ్’ అనే కొత్త ఆల్బమ్‌తో మళ్లీ వేదిక ఎక్కుతున్నారని తెలిసింది. రోమ్, లండన్, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్. అంతే, ఊరూరా తిరగడం లేదు. పింక్ ఫ్లాయిడ్‌లో ఆయన సహచరుడు రోజర్ వాటర్స్ 2002లో బెంగళూరుకీ, 2007లో ముంబైకీ వచ్చి పాడి వెళ్లారు. గిల్మోర్ ఇటు వస్తారని కూర్చుంటే కుదరదని అర్థమైంది. ముందు లండన్ కచేరీకి టికెట్, తర్వాత వీసా, ఆ తర్వాత విమానం. ఆ హైరానా విదేశం వెళ్లే ప్రతివాళ్లూ పడేదే. ఇంట్లో కొందరికి ఇది వింతగా తోచింది. అత్తయ్యకు మాత్రం కాదు. “వినడం ఎటూ విన్నావు. ఈసారి చూసి రా” అంది.

ఆవిడ అలా అనడంలో వింత లేదు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు వెళ్లివచ్చిన మనిషి. అక్కడ కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి దగ్గర అందరూ కలిసి పాడే పంచరత్న కీర్తనలు ఏటా అవే. వెళ్లేవాళ్లలో చాలామందికి అవి కంఠతా వచ్చు. అయినా వెళతారు. మన పద్యనాటకాల సంగతీ అంతే. పీసపాటి వారి కృష్ణుణ్ణి చూడటానికీ, ఈలపాట రఘురామయ్య పద్యం వినడానికీ బళ్లు కట్టుకుని వెళ్లిన జనానికి ఆ పద్యాలు తెలియక కాదు. ఈ రాత్రి రాగం ఎంత దూరం తీస్తాడు, ఎక్కడ ఆపుతాడు, ‘వన్స్ మోర్’ అంటే రెండోసారి ఏం మారుస్తాడు అన్నదే వాళ్లకు కావలసింది. తెలిసినదాన్ని వినడానికి దూరం వెళ్లడం మన రసికులకు ఎప్పటినుంచో అలవాటు. లండన్ ప్రయాణం నాకు ఆ దారిలోదే అనిపించింది.

సౌత్ కెన్సింగ్టన్‌లో ట్యూబ్ దిగి, నేల కింది సొరంగంలో నడిచి పైకి వస్తే, కాస్త దూరంలో రాయల్ ఆల్బర్ట్ హాల్. 1871లో తెరిచిన ఎర్ర ఇటుకల భవనం, కోడిగుడ్డు ఆకారంలో. పైన పెద్ద గాజు గుమ్మటం. ఆ గుమ్మటం వల్ల దాదాపు వంద ఏళ్లపాటు ఆ హాలు ప్రతిధ్వనికి పేరుమోసింది, వేదిక మీద పలికిన స్వరం పైకెళ్లి తిరిగొచ్చేది. 1969లో ఫైబర్‌గ్లాస్ పళ్లేలు పైకప్పు కింద వేలాడదీశాక గానీ అది అదుపులోకి రాలేదు. పింక్ ఫ్లాయిడ్ అక్కడ వాయించిందీ అదే ఏడాది జూన్‌లో. ఒక్కో స్వరాన్ని అంతసేపు నిలిపే మనిషికి హాలు ఎలా పలుకుతుందన్నది చిన్న విషయం కాదు. నా సీటు బాగా పైన. అంత ఎత్తులో కూర్చున్నా, ఆయన స్వరం వదిలేశాక అది ఆరిపోయేదాకా వినిపించింది.

ఇక చూసిన సంగతి. ‘హై హోప్స్’ చివర్లో ఆయన లాప్ స్టీల్ అందుకుంటారు. గిటార్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమచేతిలో ఉక్కు కడ్డీ పట్టుకుని తీగల మీద జరుపుతూ వాయించే వాద్యం. మన చిత్రవీణ విన్న చెవికి ఆ నాదం పరాయిది కాదు. లాప్ స్టీల్‌కు మెట్లు ఉండవు. కడ్డీ వెంట్రుకవాసి పక్కకు జరిగితే అపస్వరం. ఆ కడ్డీ స్వరం దగ్గరకు వెళ్లి, కాస్త దిగువనే ఆగి, అప్పుడు పైకి చేరడం కళ్లతో చూశాను. రికార్డులో అది ఒక జారుగా వినిపిస్తుంది. చూస్తుంటే అది ఒక నిర్ణయం అని తెలుస్తుంది.

‘బిట్వీన్ టు పాయింట్స్’ ఆయన కూతురు రోమనీ హార్ప్ వాయిస్తూ పాడింది. ఆమె పాడినంతసేపూ తండ్రి ఆ గొంతుకు చోటిచ్చి వెనక్కి తగ్గారు. 2008లో చనిపోయిన కీబోర్డు వాద్యకారుడు రిక్ రైట్ కోసం రాసుకున్న ‘ఎ బోట్ లైస్ వెయిటింగ్’లో గొంతులన్నీ దగ్గరగా చేరి పాడాయి. ఈ రెండు పాటల్లోనూ గిటార్ తక్కువే. అయినా ఆ రాత్రి మొత్తంలో నాకు బాగా గుర్తున్నవాటిలో అవి ఉన్నాయి. ఎప్పుడు వాయించకూడదో తెలిసిన వాద్యకారుణ్ణి అంతసేపు చూడటం అరుదు.

చివరి పాట ‘కంఫర్టబ్లీ నంబ్’. రికార్డులో మనందరికీ బట్టీ అయిన ఆ సోలో గురించి ఒక సంగతి చెప్పాలి. స్టూడియోలో ఐదారుసార్లు వేరువేరుగా వాయించి, ఒక్కో దానిలోంచి మంచి ముక్కలు ఏరి, వాటిని కలిపి తయారుచేశానని గిల్మోరే చెప్పారు. అంటే మనం రికార్డులో వింటున్నది ఏ మనిషీ ఏ రోజూ ఏకబిగిన వాయించినది కాదు. వేదిక మీద అలా ఏరుకునే వీలు లేదు. తీగ లాగడానికి మూడో వేలు నొక్కి, వెనక రెండు వేళ్లూ ఊతంగా ఆనించాలి. చేరవలసిన స్వరం చోట మెట్టేమీ ఉండదు. ఆ స్వరం ముందే చెవిలో ఉంటేనే చెయ్యి అక్కడికి చేరుతుంది. ఒక్కో వరుస ముగిశాక ఆయన ఆగడం గమనించాను. కుడిచెయ్యి తీగల మీద ఊరికే ఆని ఉంటుంది, తల కొంచెం వంగి ఉంటుంది, డ్రమ్స్ సాగిపోతుంటాయి. అప్పుడు రాబోయే స్వరాన్ని ఆయన ముందుగా వింటున్నారు. ఇన్నేళ్లూ ఆ చోట్లు నాకు ఖాళీలుగానే వినిపించాయి. అక్కడే అసలు పని జరుగుతోందని చూశాకే తెలిసింది.

ఇంకో మాట. ఆ సోలోలు పుట్టిన నల్ల స్ట్రాటోకాస్టర్ గిటార్‌ను ఆయన 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో అమ్మేశారు. 39,75,000 డాలర్లు పలికింది. వేలం సొమ్మంతా వాతావరణం కోసం న్యాయపోరాటాలు చేసే క్లయింట్‌ఎర్త్ సంస్థకు ఇచ్చేశారు. ఆ రాత్రి ఆయన చేతిలో ఉన్నవి వేరే గిటార్లు. స్వరంలో తేడా నాకు తెలియలేదు. అత్తయ్య అన్నది ఎడమచెయ్యి గురించి, గిటార్ గురించి కాదు మరి.

రోమ్‌లోని సర్కస్ మాక్సిమస్ కచేరీల సినిమా 2025లో వచ్చింది. అత్తయ్యా నేనూ కలిసి చూశాం. నా సీటు నుంచి కనిపించినదానికంటే వేళ్లు అందులో ఎంతో దగ్గరగా కనిపిస్తాయి, నేర్చుకునేవాళ్లకు గొప్ప పాఠం. అయితే ఎప్పుడు ఎవరిని చూడాలో అందులో కెమెరా నిర్ణయిస్తుంది. హాల్లో నేను ఆయన వాయించనప్పుడు కూడా ఆయన్నే చూస్తూ కూర్చోగలిగాను. అత్తయ్య ఆ సోలో దగ్గర ఆపించి, రెండు స్వరాల మధ్య నాకు లండన్‌లో ఏం కనిపించిందో అడిగి అడిగి చెప్పించుకుంది. తర్వాత వీణ తెప్పించుకుని, ఆ లాగుడు ఎన్ని స్వరాలదో పట్టుకోవడానికి కూర్చుంది.