సిరా తిన్న పేర్లు

పాత కాగితం చదవడం కూడా చేతిపనే. నమ్మనివాళ్లు ఫ్రే ఆంజెలికో చావెస్ పుస్తకం ఒకటి తెరిచి చూడండి. న్యూమెక్సికోలోని వాగన్ మౌండ్ అనే చిన్న ఊళ్లో 1910లో పుట్టిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఆయన. కవిత్వం రాశారు, చర్చి గోడల మీద బొమ్మలు వేశారు, రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల వెంట గువామ్, లేటే తీరాల్లో దిగారు. ఒక జన్మకు అది చాలు. ఆయన అంతటితో ఊరుకోలేదు. శాంటాఫే ఆర్చ్‌డయోసిస్ అధీనంలో ఉన్న జ్ఞానస్నానాల, పెళ్లిళ్ల, ఖననాల రిజిస్టర్లను వడగట్టి 1954లో ‘ఆరిజిన్స్ ఆఫ్ న్యూమెక్సికో ఫ్యామిలీస్’ అచ్చువేశారు. 1598లో హువాన్ దె ఒన్యాతె వలసజనంతో వచ్చిన నాటి నుంచి 1821లో స్పెయిన్ పాలన ముగిసేదాకా ఆ ఎడారి నేల మీద స్థిరపడ్డ కుటుంబాల పుట్టుపూర్వోత్తరాలు అందులో ఉన్నాయి. బాకా, లుసెరో, మోంతోయా, ఏ ఇంటిపేరువాళ్లు తాతముత్తాతల కోసం వెతకడం మొదలుపెట్టినా ముందు చేతిలోకి తీసుకునేది ఆ పుస్తకమే. కంప్యూటర్లు లేని రోజుల్లో చేసిన పని అది!

అసలు ఘనత ఎక్కడుందంటే, తొలి ఎనభై ఏళ్ల స్థానిక కాగితాలు ఆయనకు దాదాపు దొరకలేదు. 1680 ఆగస్టులో పొపే నాయకత్వాన అక్కడి ఆదివాసులైన ప్యూబ్లో జనం తిరగబడ్డారు. ఊరికే తిరగబడలేదు. వెట్టిచాకిరీ, కరువు, తమ పూజలు తాము చేసుకుంటే కొరడా దెబ్బలు... ఓర్చి ఓర్చి లేచారు. స్పెయిన్‌వాళ్లు ఎల్‌పాసో దాకా పారిపోయారు. శాంటాఫేలో వాళ్ల దస్తావేజులు మంటల్లో కలిశాయి. మరి 1680కి ముందున్న కుటుంబాల సంగతి ఎలా తెలిసింది? పారిపోతున్న జనాన్ని లెక్కపెడుతూ గవర్నర్ ఒతెర్మీన్ రాయించిన జాబితాలు కొంత చెప్పాయి. మిగతాది మెక్సికో నగరంలోనూ స్పెయిన్‌లోని సెవీల్‌లోనూ ఉంది. ఫ్రాన్స్ షోల్స్ అనే చరిత్రకారుడు అక్కడ తవ్వి తీసిన సంగతులు చావెస్‌కు అక్కరకొచ్చాయి. వాటిలో బంగారం లాంటివి ఇన్‌క్విజిషన్, అంటే చర్చి మతద్రోహ న్యాయస్థానం, జరిపిన విచారణలు. పట్టుకొచ్చిన మనిషిని ఆ న్యాయస్థానం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: నీ తల్లిదండ్రులెవరు, తాతలెవరు, మేనమామలెవరు, పినతల్లులెవరు, వాళ్లలో యూదు రక్తమో మూర్ రక్తమో ఉందా? 1660లలో న్యూమెక్సికో నుంచి బందీగా తీసుకెళ్లిన ఫ్రాన్సిస్కో గోమెస్ రొబ్లేదో, యూదు ఆచారాలు పాటిస్తున్నాడన్న అభియోగం నుంచి చివరికి నిర్దోషిగా బయటపడ్డాడు. కాగితాలు మాత్రం మిగిలాయి. మనిషిని వేధించడానికి రాసుకున్న వంశక్రమమే మూడు వందల ఏళ్ల తర్వాత అతని వారసుల చేతికి ఆధారమై అందింది.

సెవీల్ గురించి రెండు ముక్కలు. మూడో కార్లోస్ రాజు 1785లో నెలకొల్పిన ‘అర్చీవో హెనెరాల్ దె ఇందియాస్’ అనే వలసపాలన పత్రాగారంలో దాదాపు 43,000 కట్టలున్నాయి, ఎనిమిది కోట్ల పుటలంటారు. పెద్దదే, కాదనను. కానీ నా ఓటు మాత్రం ఊరి చర్చి రిజిస్టరుకే. సెవీల్‌లో గవర్నర్లు కనబడతారు. చర్చి పుస్తకంలో గొర్రెలకాపరి భార్య కనబడుతుంది.

చర్చి కాగితాల్లో నన్ను కట్టిపడేసేవి ‘దిలిహెన్సియాస్ మాత్రిమోనియాలెస్’, అంటే పెళ్లికి ముందు పాదిరి జరిపే విచారణలు. మనకు మేనరికం ముచ్చట. అప్పటి కాథలిక్ చట్టంలో నాలుగో మెట్టు దాకా రక్తసంబంధం ఉంటే పెళ్లి నిషిద్ధం. అంటే ఇద్దరికీ ముత్తాత తండ్రి ఒక్కడే అయినా చాలు, అడ్డే. అనుమతి కావాలంటే ఆ చుట్టరికం ఎలా కలుస్తుందో కాగితం మీద పెట్టాలి. పైన ఉమ్మడి పూర్వీకుడి పేరు, కింద ఒకవైపు వరుడి మెట్లు, మరోవైపు వధువు మెట్లు. సాక్షులు వచ్చి తమ వయసెంతో, తమకు ఆ కుటుంబం ఎలా తెలుసో ప్రమాణం చేసి చెబుతారు. జ్ఞానస్నాన పుస్తకం చెదలు తిన్నా, ఆ కుటుంబంలో ఎవరో మరదలిని చేసుకోబోయిన పుణ్యాన నాలుగు తరాల పేర్లు ఒక్క కాగితం మీద మిగిలిపోతాయి. 1678 నుంచి 1869 దాకా జరిగిన ఇలాంటి విచారణల సారాన్ని చావెస్ ‘న్యూమెక్సికో రూట్స్’ పేరుతో 1982లో సంపుటాలుగా తెచ్చారు. మరొకరైతే ఆ ఒక్క పనికే జీవితం ధారపోసేవారు.

చదవడంలో కష్టం ఎలాంటిదో చెప్పాలి. పదహారు, పదిహేడో శతాబ్దాల కోర్టు గుమాస్తాల రాతను ‘ప్రొసెసాల్’ అంటారు. పుటల లెక్కన కూలి కనుక అక్షరాలు లావుగా సాగదీసి, కలం ఎత్తకుండా గొలుసులా పోతారు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. ఫ్రాన్సిస్కో అన్న పేరు ముందు నాలుగైదు అక్షరాలు, పైన చిన్నగా చివరి రెండు అక్షరాలు, అంతే. బ, వ ఒకటే పలుకుబడి గనుక ‘బాకా’ అన్న ఇంటిపేరు ఆ పుటలో రెండు రకాలుగానూ కనబడుతుంది.

పద్దెనిమిదో శతాబ్దపు జ్ఞానస్నాన నమోదు ఒకటి తీసుకోండి. ఐదారు వరుసలు. ఫలానా మిషన్‌లో ఫలానా రోజున విధివిహితంగా జ్ఞానస్నానం చేయించి, పవిత్ర తైలం పూశానని పాదిరి రాస్తాడు. బిడ్డ పేరు, పుట్టి ఎన్నాళ్లయింది, ఎవరి ధర్మసంతానం, జ్ఞాన తల్లిదండ్రులెవరు, వాళ్లకు ఆ ఆధ్యాత్మిక చుట్టరికం బాధ్యత చెప్పానన్న మాట, కింద సంతకం. అంచున మళ్లీ బిడ్డ పేరు. కొత్తవాడు తల్లిదండ్రుల పేర్లు రాసుకుని పుట తిప్పేస్తాడు. పనితనమున్న శోధకుడు జ్ఞాన తల్లిదండ్రుల దగ్గర ఆగుతాడు. ఎందుకంటే న్యూమెక్సికోలో హువాన్ అంతోనియోలకు కొదవ లేదు, మరియా హొసేఫాలైతే ఇంటికొకరు. ఒకే పేరున్న ఇద్దరు తండ్రుల్లో మనవాడు ఎవరో తేల్చేది, అతని పిల్లలందరికీ ఎవరు వచ్చి జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడ్డారన్నదే. తరచూ వాళ్లు మేనమామలో, పెత్తల్లులో అయి ఉంటారు. ఒక్క నమోదుతో ఏదీ తేలదు. పది నమోదులు పక్కపక్కన పెడితే కుటుంబం లేచి నిలబడుతుంది.

అంచున కొన్నిచోట్ల బిడ్డ పేరు కింద ‘అపాచె జాతి’ అని ఉంటుంది. తల్లీ లేదు, తండ్రీ లేడు, ఎవరి ఇంట పెరుగుతోందో ఆ యజమాని పేరు ఉంటుంది. బందీలుగా పట్టుకొచ్చినవాళ్లో, కొనుక్కొచ్చినవాళ్లో ఆ పిల్లలు. అలా పెరిగినవాళ్లనీ, వాళ్ల సంతతినీ ‘హెనీసరో’లు అన్నారు. 1754లో అబికియులో వాళ్లకంటూ ఒక ఊరి భూమి దక్కింది. 2007లో న్యూమెక్సికో శాసనసభ హెనీసరోలను ఆదివాసీ ప్రజలుగా గుర్తించింది. చాలా ఇళ్లలో ఆ ముత్తవ్వ ఉనికికి ఇవాళ ఉన్న సాక్ష్యం ఆ అంచు మీది రెండు మాటలే. ఆ అంచు చిరిగితే అంతే సంగతులు.

జాన్ కొలిగన్ అనే శోధకుడు చేసిన పని చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. తిరుగుబాటు తర్వాత దియేగో దె వార్గాస్ మళ్లీ ఆ నేలను పట్టుకున్నాక, 1695లో హువాన్ పాయెస్ ఉర్తాదో అనే అధికారి సకతేకాస్ ప్రాంతం నుంచి కొత్త కుటుంబాలను తెచ్చాడు. కుటుంబానికింత అని ఖజానా నుంచి డబ్బు. కొలిగన్ ఆ జాబితాలో ఒక్కొక్క పేరునూ ఇతర పత్రాలతో సరిచూసుకుంటూ పోయి, అందులో చాలా కుటుంబాలు కుటుంబాలే కావని తేల్చాడు. సంబంధం లేనివాళ్లను మొగుడూ పెళ్లాలుగా, పిల్లలుగా కూర్చి లెక్క రాశారు! ఒకే మనిషి వేరే పేరుతో వేరే కుటుంబంలో ప్రత్యక్షం. మూడు వందల ఏళ్ల నాటి దొంగ మస్టర్‌ను గుమాస్తా రాతలోంచి పట్టుకున్న ఆ పుస్తకం 1995లో వచ్చింది. డిటెక్టివ్ నవలలు దీని ముందు దిగదుడుపు.

ఇక కాగితం, సిరా సంగతి. కాగితం గుడ్డపీలికలతో చేసింది, గట్టిది. స్టాంపు కాగితం దొరక్క మామూలు కాగితం మీద రాస్తున్నామని అధికారులు అక్కడక్కడా సంజాయిషీ కూడా రాసుకున్నారు. శత్రువు సిరాయే: మాచికాయల రసం, అన్నభేది, తుమ్మజిగురు. ఆమ్లమూ ఇనుమూ కలిసి శతాబ్దాల పాటు కాగితాన్ని కొరుక్కుతింటాయి. చివరికి అక్షరం ఉన్నచోట అక్షరం ఆకారంలో కన్నం మిగులుతుంది. తడి తగిలితే ఇనుము పక్కకు పాకుతుంది గనుక, నిపుణులు పల్చటి జపాన్ కాగితానికి ముందే జిగురు పూసి ఆరబెట్టి, కాస్త చెమ్మ చేసి అతికిస్తారు. ఇంత ఒడుపు అవసరమైన చోట ఎవరో మహానుభావుడు సెల్లోటేపు వేసి పోయిన పుటలున్నాయి. ఆ పసుపు మరక ఇక పోదు.

సెల్లోటేపు వేసినవాడు కనీసం కాపాడాలనుకున్నాడు. 1870లో గవర్నర్ విలియమ్ పైల్ హయాంలో శాంటాఫే గవర్నర్ భవనంలోని స్పానిష్ కాగితాలను చిత్తుకాగితాలుగా అమ్మేశారు. దుకాణాల్లో పొట్లాలు కట్టారంటారు. జనం గగ్గోలు పెడితే కొన్ని తిరిగొచ్చాయి, పోయినవి పోయాయి. టెక్సాస్‌లోని లరేదోలో 1934లో సెబ్రన్ విల్కాక్స్ అనే కోర్టు స్టెనోగ్రాఫర్ న్యాయస్థానం నేలమాళిగలో గుట్టగా పడి ఉన్న పాత కాగితాలను గుర్తించి కాపాడాడు. ఆ పట్టణపు స్పానిష్ కాలపు రికార్డులు అవి. చదువుకున్న గవర్నర్ అమ్మేసుకున్నాడు, గుమాస్తా ఏరుకున్నాడు.

యూటా రాష్ట్రపు వంశశోధక సంఘం 1952లో మెక్సికో చర్చి రిజిస్టర్లకు మైక్రోఫిల్మ్ తీయడం మొదలుపెట్టింది. సాల్ట్‌లేక్ సిటీ దగ్గర గ్రానైట్ కొండను తొలిచి కట్టిన సొరంగాల్లో ఆ చుట్టలు భద్రంగా ఉన్నాయి. అన్ని దేశాలవీ కలిపి 24 లక్షల చుట్టలను డిజిటల్ చేయడం 2021లో పూర్తయింది. అన్నట్టు, హరిద్వార్ పండాల చిట్టాలనూ ఫిల్మ్ తీసింది ఈ సంఘమే. గయలో పండా చిట్టా విప్పి ముత్తాత పేరు వేలు పెట్టి చూపించినప్పుడు గొంతు పూడుకుపోయిన తెలుగువాళ్లకు న్యూమెక్సికోవాళ్ల ఆరాటం విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంత పనితనం చూసిన కళ్లతో ఆన్‌లైన్ వంశవృక్షాలు చూస్తే కడుపు మండిపోతుంది. తల్లి కంటే ముందు పుట్టిన కొడుకులు, ఒకే ఏడు రెండు ఖండాల్లో పెళ్లాడిన తాతలు, నాలుగు నొక్కులకే స్పెయిన్ రాజవంశం. ఒకరు తప్పు రాస్తే వందమంది ఎత్తిరాస్తారు. వందమంది రాశారు గనుక నిజమేనంటారు! కొలిగన్ పట్టుకున్న దొంగ కుటుంబాలను తమ చెట్లకు అంటుగట్టుకునేవాళ్లూ దొరుకుతారు. ఇక వంశచిహ్నాల డాళ్ల దుకాణాలు. ఇంటిపేరు చెబితే చాలు, సింహాలూ బురుజులూ వేసిన డాలు ఫ్రేము కట్టి చేతిలో పెడతారు. ఆ చిహ్నం ఒక మనిషికీ అతని వంశానికీ దక్కిన గౌరవం, ఇంటిపేరుకు కాదు. గార్సియాలందరికీ ఒకే డాలు అమ్మడాన్ని నేను వ్యాపారమనను, మోసమంటాను.

చావెస్ పుస్తకంలో తప్పుల్లేవా అంటే, ఉన్నాయి. హొసే అంతోనియో ఎస్కిబెల్ లాంటి గట్టి శోధకులు వాటిని దిద్దుతూ వస్తున్నారు, కొత్త తరాలను కలుపుతున్నారు. అది పద్ధతి. కానీ ఒక్క రిజిస్టరూ తెరవకుండా ఆయన తప్పులు ఏకరువు పెట్టేవాళ్లున్నారే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం.

యంత్రాలకు చేతిరాత చదవడం కూడా వచ్చేసింది. 2024 నుంచి మెక్సికో నోటరీ దస్తావేజుల్లో ఏ మాట కావాలంటే ఆ మాట వెతుక్కోవచ్చు. వెతకడానికి సాయమే, తీసుకోండి. కానీ అది పనికొచ్చేది, చూపించిన పుటను చదవగల మనిషి ఉంటేనే. ఆ మనుషులే తగ్గిపోతున్నారు. తాతలకు స్పానిష్ ఇంటిభాష, మనవలకు ఆ భాషే లేదు, పాతరాత సంగతి ఇక చెప్పేదేముంది. నాకు తెలిసిన ఒక లైబ్రరీలో మైక్రోఫిల్మ్ యంత్రాలు తీసేసి ఆ చోట సోఫాలు వేశారు. ఒప్పందాల వల్ల ఇంటి నుంచి చూడ్డానికి వీల్లేని రిజిస్టర్లు చాలా ఉన్నాయి. వాటికోసం వచ్చినవాళ్లు సోఫాలో కూర్చుని వెళ్లిపోవాలి కాబోలు.

అడగాల్సినవి అడుగుతాను. వంశవృక్షంలో ప్రతి పేరు కిందా ఏ చర్చి, ఏ పుస్తకం, ఎన్నో పుట అన్నది రాయండి. రాయలేకపోతే ఆ పేరు తీసేయండి. డాలు కొనే డబ్బు ఊరి చర్చి రిజిస్టరుకు ఆమ్లం అంటని అట్టపెట్టె కొనడానికి ఇవ్వండి. వంశశోధక సంఘాలు విందులు ఒక ఏడాది మానుకుని పాతరాత తరగతి పెట్టాలి. మొదటి పాఠానికి 1780ల జ్ఞానస్నాన పుస్తకం చాలు, అప్పటి పాదిరీల రాత గుండ్రంగా, విడివిడిగా ఉంటుంది. ప్రొసెసాల్ జోలికి రెండో ఏడు వెళ్లొచ్చు.