‘కౌంటీ ఎలక్షన్’ బొమ్మలో లేనిది

మొదటిసారి చూసినప్పుడు తిరునాళ్ళ బొమ్మ అనుకున్నాను. జార్జ్ కేలబ్ బింగమ్ 1852లో గీశాడు. మెట్ల మీద ఎర్ర చొక్కా ఆయన బైబిల్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాడు. అప్పట్లో మిస్సోరీలో రహస్య ఓటు లేదు, ఎవరికి వేస్తున్నారో అందరి ముందూ నోటితో చెప్పాలి. తాగి నిలబడలేని ఒకణ్ణి ఇంకొకడు ఓటుకి ఈడ్చుకొస్తున్నాడు.

1828లో ఆండ్రూ జాక్సన్ గెలిచేనాటికి చాలా రాష్ట్రాల్లో ఆస్తిలేని తెల్ల మగవాళ్ళకూ ఓటొచ్చింది. వాళ్ళకోసమే పార్టీల ఊరేగింపులు, మందు పంపకాలు. బింగమ్‌కి ఇదంతా అనుభవమే. 1846లో మూడు ఓట్లతో గెలిచి, ప్రత్యర్థి అభ్యంతరం పెడితే ఆ సీటు పోగొట్టుకున్నాడు. అందుకే కాబోలు తాగుబోతుల్ని అంత బాగా గీశాడు.

కానీ భయాన్ని గీయలేదు. మా క్లాసు లీడరు ఎన్నికలో చేతులెత్తమన్నారు. పక్కవాడు చూస్తున్నాడని నేను ఇష్టంలేని పేరుకే ఎత్తాను. ఎర్ర చొక్కా ఆయన ముఖంలో అలాంటి బెరుకేమీ లేదు.

ప్రజల ఇష్టమే పరమ శాసనమని జెండా మీద రాసుంది. గుంపులో ఒక్క ఆడమనిషి లేదు. ఎడమవైపు నల్లజాతి మనిషి ఒకాయన మందు పోస్తున్నాడు. ఆయనకు ఓటు లేదు.