ధిక్కారమా, మర్లబాటా? – కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమల పలుకుబడి

అధికారముతో విభేదమును తెలుపు పదములన్నిటిని ‘ధిక్కారము’ క్రింద చేర్చుట విమర్శలో పరిపాటియైనది. ఇది మాకు సమ్మతము కాదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలు 1948 వరకు నిజాము ఏలుబడిలో నుండెను. కచ్చేరీ భాష ఉర్దూ. అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు ఆ త్రోవనే వచ్చినవి. పారసీకమున ఫిర్యాదనగా మొరయే. వినువాని పెద్దరికము అందు ముందే యొప్పుకొనబడినది. ‘అభ్యంతరము’ మఱింత చిత్రము. సంస్కృతమున ‘లోపలిది’ అని యర్థము, తెలుగున ఆక్షేపణము. కామారెడ్డి మాస్టర్ ప్లాను ముసాయిదాపై పురపాలకులు కోరినవి అభ్యంతరములే. పొలములు పారిశ్రామిక మండలములో పడిన రైతులకు ఆ మాట చాలలేదు. 2023 జనవరిలో ధర్నాకు, బందుకు దిగిరి. ఆ నెలలోనే పాలకవర్గము ముసాయిదా రద్దుకు తీర్మానించెను. అభ్యంతరమునకు గడువు కలదు, ధర్నాకు లేదు గదా!

తెలంగాణపు ‘మర్లబడు’ వీనికంటె లోతైనది. మరలు, తిరుగు – రెండును దేహచలనమును తెలుపు క్రియలు. మర్లబడినవాడు, తిరుగబడినవాడు వెన్నుచూపక ఎదుట నిలుచును. ‘ధిక్’ అను నిందార్థకము ఇందు లేనేలేదు. పల్లెలలో మాటలు సేకరించు విద్యార్థి ‘మర్లబడితిమి’ అన్నదానిని ‘ధిక్కరించితిమి’ అని దిద్ది వ్రాసినచో, రైతు అనని తిట్టును అతని నోట బెట్టినవాడగును.