చేతులు కలిపితేనే ఆట

ఆర్మీనియన్లకు క్రిస్మస్ జనవరి 6న వస్తుంది. మనకవి ధనుర్మాసపు రోజులు, ముంగిట గొబ్బెమ్మలు పెట్టే రోజులు. కలకత్తా సాల్ట్ లేక్‌లో తెలుగింట పెరిగిన నాకు ఈ రెండు సంబరాలూ జతగానే గుర్తొస్తాయి. కాలేజీలో నా ప్రాణస్నేహితురాలు కలకత్తా ఆర్మీనియన్ల ఇంటి పిల్ల.

బడాబజార్ సందుల మధ్య 1724లో కట్టిన నజరేత్ చర్చి వాళ్లది. ఈ నగరంలో నిలిచి ఉన్న చర్చిల్లో అదే పాతది. ఇరాన్‌లోని న్యూ జుల్ఫా నుంచి ఆర్మీనియన్ వర్తకులు మన దేశమంతా తిరిగారు, మన బందరు రేవులోనూ వ్యాపారం చేశారు. హైదరాబాద్ ఉప్పుగూడలో పదిహేడో శతాబ్దం నాటి వాళ్ల సమాధులున్నాయి. అక్కడ రాళ్లే మిగిలాయి. కలకత్తాలో పిల్లలున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక చాలా కుటుంబాలు ఆస్ట్రేలియాకో ఇంగ్లండుకో వెళ్లిపోయినా, 1821లో పెట్టిన ఆర్మీనియన్ కాలేజీ నిలబడింది. పేరుకే కాలేజీ, నిజానికి అది హాస్టలున్న బడి. ఆర్మీనియా, ఇరాన్, ఇరాక్‌ల నుంచి పిల్లలొచ్చి చదువుకున్నారక్కడ. సమాజం చిన్నదైపోయినా పండగ సందడి తగ్గకుండా చూసింది ఆ పిల్లలే.

నా స్నేహితురాలికి ఆర్మీనియన్ భాష అంతంతమాత్రం. ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో బెంగాలీ, హిందీ. వాళ్ల నాట్యం మాత్రం వచ్చు. ఎవరు నేర్పారని అడిగితే, "ఎవరూ నేర్పలేదే! చిన్నప్పుడు వరసలో ఇద్దరు పెద్దవాళ్ల మధ్య నిలబెట్టేవాళ్లు" అంది.

మా డాబా మీద నాకు కొచారి చూపించింది. పక్కపక్కనే ఆనుకుని నిలబడి, చేతులో భుజాలో పట్టుకుని, మోకాళ్లు వంచి లేస్తూ, పాదం గట్టిగా నేలకేస్తూ సాగే బృందనృత్యం అది. కూచిపూడి నేర్చుకున్నదాన్ని కదా, అరమండి అలవాటే, అడుగులు ఇట్టే వస్తాయనుకున్నాను. అడుగులు వచ్చాయి, ఆట రాలేదు. నా కళ్లు ఎదురుగా లేని ప్రేక్షకుల్ని వెతుకుతున్నాయి. చేతులు ఊరికే ఉండలేక ముద్ర కోసం తపిస్తున్నాయి. తను నా చిటికెన వేలిని తన వేలితో బిగించి, "ముందుకు చూడకు, నా భుజం ఎటు వెళ్తే నువ్వూ అటే" అంది. మా క్లాసులో తాళం గురువుగారి నట్టువాంగంలో వినిపించేది. ఇక్కడ అది పక్కమనిషి చేతిలోంచి నా ఒంట్లోకి వచ్చింది. తప్పటడుగు వేసినా వరస నన్ను వదిలేయలేదు, లాక్కుపోయింది.

కొచారిని యునెస్కో 2017లో వారసత్వ జాబితాలో చేర్చింది. వయసు, ఆడామగా, హోదా చూడకుండా ఎవరైనా వరసలో కలవొచ్చన్న సంగతిని ప్రత్యేకంగా చెప్పింది. పరాయి నేలమీద ఒక సంస్కృతి బతకడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

మన ఉగాది సభల్లో పిల్లలు వేదిక మీద, పెద్దలు కుర్చీల్లో. నేనూ అలాంటి వేదికల మీదే ఆడి పెరిగాను, కూచిపూడి అంటే నాకు ప్రాణం. కానీ ఏళ్ల తరబడి ఫీజు కట్టి నేర్చుకోలేని పిల్లకు ఆ సభలో చోటెక్కడ? మా అమ్మ ఏ సభలోనూ కుర్చీ దిగలేదు. చిన్నప్పుడు తన ఊళ్లో గొబ్బి తట్టిన మనిషి ఆవిడ! చుట్టూ తిరుగుతూ వంగి చప్పట్లు కొట్టడానికి అరంగేట్రం అక్కర్లేదు. మా బ్లాకు దుర్గాపూజలో ధూపపు పాత్ర ధునుచి పట్టి ఆడేవాళ్లలో క్లాసుకెళ్లి నేర్చుకున్నవాళ్లు ఎందరు? ఢాక్ డోలు మోగగానే బామ్మలు కూడా లేస్తారు.

ఈ సంక్రాంతికి మా బ్లాకు కమ్యూనిటీ హాల్లో కుర్చీలు గోడవారకు జరిపించి గొబ్బి ఆడిద్దామని తెలుగువాళ్లం కొందరం అనుకున్నాం. పేడ గొబ్బెమ్మలు చేసే బాధ్యత మా అమ్మది. నా స్నేహితురాలూ వస్తానంది. చిక్కల్లా పాటలతోనే: అమ్మకు రెండు మూడు చరణాలకు మించి గుర్తు రావడంలేదు. మీ ఊరి గొబ్బిపాట వరస మీకు తెలిసి ఉంటే, ఫోన్లో పాడి రికార్డు చేసి పత్రికకు పంపండి. గొంతు బాగుండాలని లేదు, చప్పట్లు ఎక్కడ పడతాయో తెలిస్తే చాలు.