శాకుంతలము – ఛాయాపఠనము

కాళిదాసుని మూడు నాటకములకును కాటయవేముడు తన ప్రభువగు కుమారగిరిరెడ్డి పేర 'కుమారగిరిరాజీయ'మను వ్యాఖ్య రచించెను. అట్టి వ్యాఖ్యలు లేనిదే శాకుంతలము నేటి విద్యార్థులకు దుర్గమము. అయినను ప్రాకృతమును విడిచి దాని సంస్కృతచ్ఛాయను మాత్రమే చదువువానికి నాటకము సగము నశించును. రాజు సంస్కృతమును, శకుంతల శౌరసేనిని, ఆఱవ యంకారంభమున జాలరి మాగధిని పలుకుదురు. ఛాయలో మువ్వురిదియు నొక్క భాషయే; పాత్రల తారతమ్యము చెవికి సోకదు. అరకులోయలో ఇంట కువినో ఆదివాసి ఒడియానో, బడిలో తెలుగును పలుకు బాలునికి ఈ భేదము వ్యాఖ్యాపేక్ష లేకయే బోధపడును. వానికి సహజమైన యీ మార్గమును ఛాయతో మూయుట తగదు. పండితులు మూలమును ముందు వినిపించి, సందేహము కలిగినచోటనే ఛాయను చూపుట యుక్తము. ఛాయ యనగా నీడయే కదా. నీడను చూచి రూపమును నిర్ణయింపరాదు.